రెండో సీటు

కొండకి నిప్పంటుకుందని గోడలోని స్పీకరులోంచి ఇల్లు కేకపెట్టగానే వరహాలమ్మ గుమ్మం ముందుకొచ్చిన బండెక్కింది. కొండవాలు కాలనీలో ఎండాకాలమంతా మంటల నుంచి జనాన్ని తప్పించే ఈ డ్రైవరు లేని బండ్లు మామూలే. కానీ తలుపు మూసుకోలేదు.

"రెండో మనిషి ఇంకా ఎక్కలేదు," అంది బండి.

పొగ వాకిట్లోకి దిగింది. "మా ఆయన పోయి ఏడాదైపోనాది. పద!"

"ఈ ఇంటి జాబితాలోంచి తీసేయడానికి ఆయన పేరు చెప్పండి."

రోజూ పొద్దున్నే ఇల్లు ఆ పేరు పెట్టి పలకరిస్తుంటే వినడం కోసమే ఆమె ఇన్నాళ్లూ తీయించలేదు. నలభయ్యేళ్ల కాపురంలో మొగుడి పేరు నోటితో పలకని మనిషి. గడప మీద నిప్పురవ్వలు రాలుతున్నాయి.

"సన్యాసిరావు," అంది మెల్లగా.

తలుపు మూసుకుంది. పక్క సీటు దానంతటదే మడుచుకుపోయింది.