ఎలుగుబంటి పెంచుకున్న పిల్లి

అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటికి పిల్లిని పెంచుకోవాలని మహా ముచ్చట పుట్టింది. ఓ పిల్లిని తెచ్చి, రంగి అని పేరు పెట్టి, పూటపూటా తేనె నాకించాడు, వాగులో ముంచి స్నానం చేయించాడు. రంగి చిక్కి శల్యమైంది.

భల్లయ్య కనబడ్డవాళ్లనల్లా సలహా అడిగాడు. వైద్యం తెలిసిన కుందేలు "గరిక మేపు" అంది. గబ్బిలం "తలకిందులుగా వేలాడదీయి" అంది. వేలాడదీశాడు కూడా.

చివరికి ఏడుస్తూ రంగినే అడిగాడు. "నీకేం కావాలే తల్లీ?"

"ఇన్నాళ్లకు అడిగావా మామా! ఓ చేప పెట్టు. తర్వాత కాసేపు నా మానాన నన్ను వదిలెయ్."

చేప పెట్టి, భల్లయ్య దూరంగా వెళ్లి దిగులుగా పడుకున్నాడు. కాసేపటికి రంగి తనంతట తానే వచ్చి, అతని పొట్ట మీద ముడుచుకుని నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడే భల్లయ్యకు తుమ్మొచ్చింది. రెండు చేతులతో ముక్కు మూసుకుని, కళ్లనీళ్లు కారుతున్నా, పొద్దుగూకేదాకా కదల్లేదు.