దవడ పట్టీ

హజ్జా ఫిక్రియా పెళ్లిచూపులకు వస్తూ జేబులో ఒక అక్రోటు కాయ వేసుకుంది. పిల్ల దాన్ని పళ్లతో పగలగొట్టాలి. పెద్ద కోడళ్లిద్దరినీ అలాగే ఎంచింది. ఇద్దరి పళ్లూ గట్టివే. నోళ్లు అంతకంటే గట్టివి. అత్తకు మాటకు మాట అప్పజెప్పి, మేడ మీద ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్నారు.

మిగిలింది చిన్నవాడు రమ్జీ. వాడి పెళ్లాం కూడా మేడెక్కితే, కింద వంటింట్లో ఇక ఫిక్రియా ఒక్కతే.

నవాల్ టీ పళ్లెంతో వచ్చింది. నుదుటి మీద ఒక పట్టీ. గడ్డానికి ఒక తొడుగు. రెంటినీ కలుపుతూ మొహం ముందు ఇనుప కడ్డీ. కడ్డీ నుంచి రెండు రబ్బర్లు పెదాల సందులోకి పోయాయి.

"ఇదేంటే దౌలత్? పిల్లను చూపిస్తానని కళ్లెం వేసిన గాడిదను చూపిస్తావా?"

ఆ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు కుదిర్చేది దౌలతే. ఆమె తొణకలేదు.

"పళ్లకు క్లిప్పులు అందరూ పెట్టించుకుంటారక్కా. ఈ పిల్లకు క్లిప్పులతో పాటు ఇది కూడా కట్టాడు తాంతా పట్నం డాక్టరు. దవడ ముందుకు రావాలంట."

"అక్రోటు కొరుకుతుందా?"

"అమ్మో! దవడ కదలకూడదు. మాట కూడా వద్దన్నాడు."

టీ గ్లాసు ఫిక్రియా పెదాల దగ్గర ఆగింది. "మాట కూడానా?"

"ఒక్క ముక్క కూడా."

"ఎన్నాళ్లు?"

"రెండేళ్లు. ఇంకా పట్టినా పట్టొచ్చు."

"మరి తిండి?"

"అప్పుడు తీస్తుంది. నోట్లో ముద్దుంటే ఇంక మాటెక్కడిది?"

ఫిక్రియా పిల్ల వైపు తిరిగింది. "మా మొలొఖియా ఆకుకూరలో వెల్లుల్లి ఎక్కువేస్తాం. నీకేమైనా ఇబ్బందా?"

నవాల్ అడ్డంగా తలూపింది.

"తెల్లారకముందే లేచి రొట్టెలు కాల్చాలి. నేను పడుకునే ఉంటాను."

నవాల్ నిలువుగా తలూపింది.

ఫిక్రియా అక్రోటును తన పళ్లతోనే పటుక్కున పగలగొట్టింది. పప్పు తీసి దౌలత్ చేతిలో పెట్టింది. "చదవండి ఫాతిహా, సంబంధం ఖాయం. ఇంకా దేనికి ఆలస్యం?"

పెళ్లి దాకా ఫిక్రియా వీధంతా చెప్పుకుంది. "లేటైనా దేవుడు నాకు కోడల్ని ఇచ్చాడు." మేడ మీదికి వినపడేలాగే చెప్పింది. నికాహ్ రోజున పెళ్లికూతురి తరఫు మాట కూడా తండ్రే ఇచ్చాడు.

పెళ్లి మర్నాడు పొద్దున్నే దౌలత్ పలకరించడానికి వచ్చింది. అత్త ఎదురుగానే నవాల్ పట్టీ విప్పింది. సబ్బుతో కడిగింది. తుడిచి దౌలత్ ఒళ్లో పెట్టింది.

"ఇదుగో పిన్నీ, శుక్రవారం వడ్రంగి కూతురికి చూపులన్నావుగా, దానికి కాస్త బిగించి కట్టు, అది నాకంటే వాగుడుకాయ."