తాత తవ్వొద్దన్న చోటు

గుణపం ఖంగుమంది.

“దొరికింది నానమ్మా, తాత పాతిన బంగారం!” అరేబియా ఎడారిలో పాడుబడ్డ హిజాజ్ రైలు పట్టాల మధ్య గుంటలోంచి నాయిఫ్ కేకేశాడు.

మేకల్ని తోలుకొస్తున్న నానమ్మ ఫిద్దా ఆగిపోయింది. “అక్కడ తవ్వొద్దని తాత చెప్పాడు కదరా!”

“అందుకేగా తవ్వుతున్నా! ఇంగ్లీషువాళ్ల దగ్గర సంచెడు బంగారం పుచ్చుకున్నాడటగా?”

“పుచ్చుకున్నాడు. అదంతా మా నాన్నకిచ్చి నన్ను పెళ్లాడాడు.”

నాయిఫ్ ఎత్తిన గుణపం గాల్లోనే ఆగింది. “మరి ఇక్కడేం పాతాడు?”

“బంగారం ఊరికే ఇస్తార్రా? యుద్ధంలో టర్కీవాళ్ల రైలు పేల్చమని ఇచ్చారు.” నానమ్మ గొంతు సన్నబడింది. “పాతి వచ్చాడు. ఆ తర్వాత ఇటు ఏ రైలూ రాలేదు.”

నాయిఫ్ మెల్లగా కిందికి చూశాడు. ఇసుకలోంచి తేలిన ఇనుప మూత మీద అతని కాలుంది.