ఎదురు షాపు

"ఇక నీళ్ళు పోయడం నా వల్ల కాదు. మీ కారు, మీరే పోసుకోండి."

ఖాళీ సీసా బల్ల మీద పెట్టి అంది భార్య. ఆ గొడవ పొద్దున లేచినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

"హోస్ వదులైంది. బిగిస్తాలే," అన్నాడు మెకానిక్.

"హోస్ మార్చారు. రేడియేటర్ మూత మార్చారు. పంపూ మార్చారు. కారు కింద చుక్క తడి లేదు. మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నట్టు, నేను తాగుతున్నానా?"

కూతురు నవ్వాపుకుని పళ్ళెంలోకి చూసుకుంది.

"ఒకసారి ఎదురు షాపతనికి చూపించకూడదట్రా?" అంది తల్లి.

కొడుకు ముఖం మాడిపోయింది.

"ఆ మీటరు బాబుకా? నా కారు?"

ఆ పేరు పెట్టింది తనే. ఎదురు షాపతను నిరుడు వచ్చాడు. గోడకి తెల్లరంగు వేయించి, పనిముట్లు వరసగా తగిలించాడు. ఏ బండి వచ్చినా ముందు ఓ మీటరు బిగించి కాసేపు దాని వైపే చూస్తాడు. అక్కడ కార్లు ఆగినప్పుడల్లా ఇతని కడుపులో ఎవరో నిప్పులు పోసినట్టుండేది. ఆయిల్ మార్చడాలూ, బ్రేకులూ అన్నీ అటే పోయాయి.

అయినా తన షాపు బాగానే నడుస్తోంది. ఇంజన్ హెడ్ విప్పే పెద్ద పనులు తన దగ్గరికే వస్తున్నాయి. అదీ మునుపటికంటే ఎక్కువగా.

"ఎదురుగా చూపించామండీ. హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు. ఆయనేమో..." అని వచ్చినవాళ్ళు ఏదో చెప్పబోయేవాళ్ళు.

"వాడి ఊసు నా దగ్గర ఎత్తకండి. తాళం ఇచ్చి వెళ్ళండి," అనేవాడు.

అక్కడ నమ్మకం కుదరకే ఇటు వస్తున్నారని అతని లెక్క. ఆ లెక్క తల్చుకుంటే కాస్త చల్లగా ఉండేది.

అతను విడిభాగాల కోసం బజారుకి వెళ్ళగానే భార్య కారు తీసుకెళ్ళి ఎదురు షాపులో పెట్టింది.

"నీళ్ళు తాగేస్తోంది అన్నయ్యా."

ఇంజన్ చల్లారేదాకా అతను మూత ముట్టుకోలేదు. తర్వాత రేడియేటర్ మూతికి మీటరు బిగించి గాలి కొట్టాడు. ముల్లు మెల్లగా కిందికి దిగింది. బయట ఎక్కడా తడి లేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, రేడియేటర్లోంచి వచ్చే గాలిని నీలం మందున్న గొట్టంలోకి లాగాడు. మందు పసుపురంగుకి తిరిగింది.

"బయటికి కారితే కనపడేదమ్మా. నీళ్ళు ఇంజన్ లోపలికి దిగి ఆవిరైపోతున్నాయి. హెడ్ కింద అడ్డుగా ఉండే గ్యాస్కెట్ పోయింది. దీన్నిక నడపకు."

"అయితే మీరే విప్పండి."

"ఇంట్లో అంత పనితనమున్న చెయ్యి పెట్టుకుని నా దగ్గరికి తెచ్చావేంటమ్మా?" అని నవ్వాడు.

ఆ మాట ఆవిడ ఉన్నదున్నట్టు మొగుడికి చెప్పింది.

"చూశావా, ఎంత ఎగతాళో."

"నాకలా అనిపించలేదండీ."

"నీకేం తెలుసు? మొగుడి పరువు తీసుకెళ్ళి వాడి బల్ల మీద పెట్టొచ్చావు."

సెలవు రోజున తలుపులు దగ్గరగా వేసుకుని ఒక్కడే హెడ్ విప్పాడు. గ్యాస్కెట్ ఒకచోట నల్లగా కాలి తెగి ఉంది. మీటరు బాబు చెప్పిందే నిజం. చప్పుడు చెయ్యకుండా కొత్తది వేసి, పాతది గుడ్డలో చుట్టి చెత్తలో పడేశాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"హోసే. ముందే చెప్పాగా."

మర్నాడు టీ కొట్టు దగ్గర టాక్సీ డ్రైవర్లు కలిశారు.

"ఎదురు షాపుకి పోతే జాగ్రత్త. చిన్న లీకుకి కూడా హెడ్ పోయిందని చెప్పేస్తాడు. సాక్షాత్తూ నా కారుకే చెప్పాడు. హోస్ బిగిస్తే సరిపోయింది," అన్నాడు మెకానిక్.

"మీ కారుకేనా?"

"మరి అదే కదా చోద్యం."

సొంత కారు సంగతి చెబితే ఎవరు నమ్మరు? ఆ మాట స్టాండు నుంచి స్టాండుకి పాకింది. కార్లు ఆ షాపు ముందు ఆగకుండా దాటిపోసాగాయి. ఇతను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసేవాడు.

వానలు వెనకబట్టేసరికి మీటరు బాబు పనిముట్లన్నీ వ్యానెక్కించాడు. వెళ్తూ వెళ్తూ ఇటు తిరిగి చెయ్యెత్తాడు.

మెకానిక్ బానెట్ కింద తల దూర్చుకున్నాడు.

"ఇక వీధంతా మనదే," అని తల్లి సంబరపడింది.

ఆయిల్ పనులు తిరిగొస్తాయనుకున్నాడు. అవి పక్క వీధిలోకి పోయాయి. వింతేమిటంటే హెడ్ పనులు కూడా ఆగిపోయాయి. తుడిచిన స్పానర్లే మళ్ళీ తుడుస్తూ కూర్చునేవాడు.

ఓ మధ్యాహ్నం నెరిసిన మీసాల డ్రైవరొకడు కారాపి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎదురాయన ఎటెళ్ళాడో ఏమైనా తెలుసా అండీ?"

"నాకెందుకు తెలుస్తుంది? ఆయనతో ఏం పని?"

డ్రైవరు తటపటాయించాడు. ఈయనకి ఆ ఊసు గిట్టదని అందరికీ తెలుసు.

"చెప్పవయ్యా," అన్నాడు మెకానిక్. చేతిలో వేరే పనేం లేదు మరి.

డ్రైవరు చెప్పాడు. చెప్పి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు మెకానిక్ పెందలాడే ఇంటికొచ్చాడు. అందరూ భోజనానికి కూర్చున్నాక, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి మెల్లగా అన్నాడు.

"నెలాఖరుకి షాపు ఖాళీ చేసేద్దాం. ఎక్కడైనా జీతానికి కుదురుతాను."

భార్య వడ్డిస్తున్న గరిటె ఆగిపోయింది. కూతురు తండ్రి వైపు చూసింది.

"అదేంట్రా, ఇప్పుడు పోటీ కూడా లేకపోయె?" అంది తల్లి.

"హెడ్ పని తను ముట్టుకోకుండా, ఆ పనికి నా చెయ్యే చెయ్యి అని చెప్పి, ఇన్నాళ్ళూ ఒక్కో బండినీ నా గుమ్మంలోకి పంపింది ఆ మీటరు బాబేనమ్మా."