సైను తీసిన మనిషి

ఆ రోజు ఇంట్లో నానమ్మ చిన్నమ్మి, చిన్నాన్న మోహనకృష్ణ, రూప ఉన్నారు.

నాన్న వేటకి వెళ్ళాడు. అమ్మ చేపల తట్టతో పూండి వెళ్ళింది.

నానమ్మ లోపల ఎండుచేపలు ఏరుతోంది. చిన్నాన్న రాత్రి వేట నుంచి వచ్చి నిద్రపోతున్నాడు.

రూప వాకిట్లో సైకిలు ముందు కూర్చుంది. పలాసలో పాత సైకిళ్ళ కొట్లో కొన్నది. తొక్కితే చాలు, చైను వెనక రాడ్డుకి రాసుకుని కరకరలాడుతుంది. కాలేజీలో దానికి ‘పిండిమర’ అని పేరు పెట్టారు.

కంచె అవతల ఎవరో పెద్దావిడ నిలబడి ఉంది. తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి.

"మంచినీళ్ళు కావాలాండీ?" రూప తల దించుకునే అడిగింది.

"వద్దమ్మా. సైను రాసుకుంటంది కదా, ఒకపాలి సూడనా?"

రూప తల ఊపింది.

ఆవిడ లోపలికొచ్చి నేల మీద కూర్చుంది. పెడలు తిప్పి చూసింది.

"సైను తప్పు కాదమ్మా. సక్రం ఓ పక్కకి ఒరిగిపోనాది. పానా ఉందేటి?"

రూప నాన్న బోటు ఇంజను పానా తెచ్చిచ్చింది. ఆవిడ నట్లు వదులు చేసి, చైను పళ్ళ మీంచి తప్పించింది.

"ఏటే గుంటా, ఆ సప్పుడు?" లోపల్నుంచి నానమ్మ.

"ఎవులో వచ్చారు నానమ్మా. నా సైను తీసీసింది!"

రూప సంతోషంగానే అంది. కానీ నానమ్మకి సైను అంటే ఒకటే, మనవరాలి మెడలోని బంగారు గొలుసు.

"ఓలమ్మో! దొంగ! గుంట మెళ్ళో సైను తెంపీసింది!"

ఆ కేకలు ఎవరి మీదో తెలియక, పెద్దావిడ చక్రం తిన్నగా లాగి, చైను ఎక్కించి, నట్లు బిగిస్తూనే ఉంది.

చిన్నాన్న లుంగీ బిగించుకుంటూ ఊడిపడ్డాడు. వెనకే వీధంతా వచ్చింది.

"తియ్యే సైను! అలగేటి సూత్తన్నావు?"

సంచి లాక్కుని తిరగేశాడు. బైబిలు, కళ్ళజోడు, బిస్కట్ పొట్లం ఇసుకలో పడ్డాయి.

ఆవిడ రూప వైపు చూసింది.

రూప నోరు తెరిచింది. అంతమంది ముందు మాట రాలేదు.

ఆవిడ వంగి అన్నీ ఏరుకుంది. పానా అరుగు మీద పెట్టింది. కంచె దాటి వెళ్ళిపోయింది.

నానమ్మ రూప మెడ తడిమింది. గొలుసు చేతికి తగిలింది.

"మరి తీసీసిందన్నావు కదే?"

"సైకిలు సైను, నానమ్మా..."

"నీ నోట్లో ముత్యాలున్నాయేటే? ముందే సెప్పొద్దా!" చిన్నాన్న నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అప్పుడే వచ్చిన పక్కింటి సూర్యకుమారి అడిగింది. "ఎలీసబెతమ్మ గారు మీ ఇంటికెందుకొచ్చినారు?"

"ఆవిడ నీకు తెల్సేటి?" అంది నానమ్మ.

"పూండిలో చర్చి పక్కిల్లే కదా, యేసుదాసు గారి భార్య. ఏడుస్తా ఎల్తన్నారు, ఏటయినాది?"



రూప సైకిలెక్కింది. దారిలో ఆవిడ కనపడలేదు. ఆటో ఎక్కేసి ఉంటుంది. పూండి దాకా చైను ఒక్కసారి కూడా రాసుకోలేదు. ‘తప్పు మాదేనండీ’ అన్న మాటని రూప దారి పొడవునా వల్లె వేసుకుంది. ఈసారి ఎంతమంది ఉన్నా గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే ఆ మనిషి మనసులో దొంగ అన్న మాటే ఉండిపోతుంది.

చర్చి పక్కింటి తలుపు సగం తెరుచుకుంది. యేసుదాసు గారే. ఆయన చూపు రూప మీద కాక సైకిలు మీద ఆగింది.

"ఎలీసబెతమ్మ గారికి ఒక మాట చెప్పాలండీ. తప్పు మాదేనండీ!" గట్టిగానే అంది.

"నెమ్మదమ్మా." ఆయన వెనక్కి చూశారు. "నాను సెప్తాను. నువ్వు ఆ సైకిలు తీసుకుని ఎల్లిపో. ఆవిడకి మళ్ళీ కనపడకూడదు."

"ఎందుకండీ? బాగు చేసింది ఆవిడే కదా!"

"ఇది మా అమ్మాయి జాయ్ సైకిలు. పిల్ల పోయాక నానే అమ్మీసినాను. మీ ఊర్లో ఎవులో పిల్ల తొక్కుతందని ఇని, ఒకపాలి ముట్టుకుని వత్తానని ఎల్లిందమ్మా, జాయ్ తల్లి," అంటూ ఆయన చప్పుడు కాకుండా తలుపు వేసేశారు.