ఆరో ప్లేటులో ఓబన్న

ముసలాయన చేయి చాచి గ్రామఫోన్ ముల్లు ఎత్తేశాడు.

హోటల్లో కథ వింటున్న వాళ్లంతా ఒక్కసారిగా అటు తిరిగారు.

"ఏయ్! ఎవురయ్యా నువ్వు?" మక్బూల్ పొయ్యి దగ్గర్నుంచి గబగబా వచ్చాడు.

"ఇంతదాకా బాగుండాది నాయనా. ఆఖరి ప్లేటు మాత్రం వద్దు."

జమ్మలమడుగు బస్టాండు పక్కనున్న ఆ హోటలుకు జనం వచ్చేది టీ కోసం కాదు, గ్రామఫోన్ ప్లేట్ల కోసం.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది మక్బూల్ ప్రొద్దుటూరులో వాటిని కొనుక్కొచ్చాడు. ప్లేట్లు ఆరైనా కథ ఒక్కటే. ఎప్పుడో పెన్నేటికి వచ్చిన పెద్ద వరద కథ.

మొదటి ప్లేటు నిండా వానే. మూడో ప్లేటుకు ఏరు ఊళ్లోకి వచ్చేది. అప్పటికి గ్లాసుల్లో టీ చల్లారిపోయేది. కథ అయ్యేదాకా డ్రైవర్లు బస్సు తీసేవాళ్లు కారు.

ఆరో ప్లేటులో పుట్టి ఓబన్న వస్తాడు.

మునిగిపోతున్న మిద్దె మీద ఒక తల్లీ, చంటిబిడ్డా. ఏటిని దాటించే తోలు పుట్టి ఓబన్న చేతిలో ఉంది. తల్లి చేతులు చాస్తుంది. ఓబన్న వెనక్కి తిరిగి కూడా చూడకుండా పుట్టి నడుపుకుంటూ పోతాడు. నీళ్లలో బిడ్డ కేకతో కథ అయిపోతుంది.

ఆ కేక వినీ వినీ, నమ్మించి మోసం చేసినవాణ్ణి 'ఓబన్నగాడు' అనడం ఊరికి అలవాటైపోయింది. వరదను కళ్లారా చూసిన పెద్దవాళ్లు కూడా తాము చూసింది మరిచిపోయి, ప్లేటులో విన్నదే చూసినట్టు చెప్పుకునేవాళ్లు.

మక్బూల్‌కు అది కథ కాదు. అతను పురిటిబిడ్డగా ఉన్నప్పుడు, ఆ వరదలోనే వాళ్ల నాయన కొట్టుకుపోయాడు. మిగిలినవాళ్లు ఎలా బతికారో తల్లి గులాబ్‌బీ ఏనాడూ చెప్పలేదు. అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అడగడం మానేశాడు. తల్లి చెప్పని కథను ప్లేట్లు చెప్పాయి.

అందుకే ఓబన్న పేరు వింటే అతనికి ఒళ్లు మండిపోయేది.

"ఎందుకొద్దు?" అన్నాడు ముసలాయనతో.

"ఆ బిడ్డ కేక మళ్లా నేను ఇనలేనప్పా."

"ఏం, ఓబన్నగాడు నీ సుట్టమా?"

బెంచీల మీద వాళ్లు నవ్వారు.

ముసలాయన తల వంచుకున్నాడు. "పుట్టి శానా చిన్నదప్పా," అన్నాడు మెల్లగా.

"తల్లీబిడ్డను ముంచిపోయినోణ్ణి ఎనకేసుకొస్తాండావా?"

మక్బూల్ చేయి లేచింది. దెబ్బకు ముసలాయన తలగుడ్డ ఎగిరి నేలమీద పడింది.

ఆయన వంగి దాన్ని తీసుకున్నాడు. దుమ్ము దులుపుకున్నాడు. మక్బూల్ ముఖంలోకి ఒకసారి తేరిపార చూశాడు.

"నీది తప్పు ల్యా నాయనా. సల్లగుండు."

అంతే. పులివెందుల బస్సు వైపు నడిచి వెళ్లిపోయాడు.

"బాగా జేసినావు మామా!" ఎవరో మెచ్చుకున్నారు.

మక్బూల్ ముల్లు మళ్లీ పెట్టాడు. బిడ్డ కేక వచ్చింది. రోజూ వచ్చే కన్నీళ్లు మాత్రం ఆ రోజు రాలేదు. అరచెయ్యి మండుతోంది. నాయన బతికుంటే ఆ వయసే ఉండేది.

ప్లేటు తిరుగుతుండగానే బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతను ఐదో ప్లేటుతో ఆపేయడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, ముల్లు అరిగిపోయిందని అబద్ధం చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం, పులివెందులలో తన చెల్లెలి దగ్గర ఉండే గులాబ్‌బీ బస్సు దిగింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏమైందమ్మా?"

"దోవలో వేముల్లో దిగి, మట్టికి పోయొస్తాండా. పుట్టి ఓబన్న పోయినాడు రా."

మక్బూల్ గ్రామఫోన్ వైపు చూశాడు.

"యా ఓబన్న? ప్లేటులో ఉండే ఓబన్నేనా?"

"ప్లేటేంది?"

చెబితే ఆమెకు అర్థం కాలేదు. ఆరో ప్లేటు పెట్టాడు. కేక దాకా రాకముందే గులాబ్‌బీ చెవులు మూసుకుంది.

"తీసెయ్ రా! తీసెయ్!"

తీసేశాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మొన్నామధ్య ఆయప్ప నీ కోసమే ఈడికొచ్చినాడంట గదా. పానం బాగలేకపోయినా, గులాబ్‌బీ కొడుకును ఒక్కతూరి సూసొస్తానని బస్సెక్కినాడంట. వచ్చినాడా? టీ అన్నా తాపినావా?"

మక్బూల్ కుడిచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. తల్లి వైపు చూడలేకపోయాడు.

"ఆయన మనకేమైతాడమ్మా?"

"యా మొగం పెట్టుకోని చెప్పేది రా ఇన్నాళ్లూ..." గులాబ్‌బీ నేలమీద కూలబడింది. "ఆయప్ప మళ్లా ఎనక్కి పోయేలోగా మిద్దె ల్యాకపోయ."

"ఎవరుండిరి ఆ మిద్దె మింద?"

"ఆయప్ప పెండ్లామూ బిడ్డే రా, 'పాపం బాలింత, ఆమెను ముందు దాటించు' అని ఆ తల్లే అంటే, ఆయప్ప పుట్టిలో ఎక్కించుకోని పోయింది నన్నూ, నా ఒళ్లో ఉండే నిన్నూ."