క్యూ పేజీ

మాస్టారి కుర్చీలో ఎవరో కూర్చున్నారు.

కుర్చీ లైబ్రరీదే. కానీ తొమ్మిదేళ్లుగా అక్కడి మాటల పోటీలో ఫస్టు ప్రైజు కొడుతున్న ట్యూషన్ మాస్టారిది కాదని ఎవరనగలరు?

పైగా ఆ ముసలాయన ముందున్నది మాస్టారు వాడే ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీయే. పెన్సిలుతో ఏవో మాటలు కాగితం మీద ఎక్కించుకుంటున్నాడు.

"ఎవరండీ ఆయన?" లైబ్రేరియన్ని అడిగారు మాస్టారు.

"ఊరికి కొత్త. చుట్టాలింటికి వచ్చారట. నాలుగు రోజులుగా ఆ పుస్తకం వదలట్లేదు."

"పోటీకేనా?"

"ఏమో మాస్టారూ! తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడుగా!" నవ్వాడు లైబ్రేరియన్.

మాస్టారికి నవ్వు రాలేదు.

ఈసారి పోటీ ఏమిటంటే క్యూ, యూ, ఏ అక్షరాలు వరసగా వచ్చే ఇంగ్లీషు మాటలు రాయడం. ఈక్వల్, స్క్వేర్, ఎర్త్‌క్వేక్ లాంటివి ఎవరికైనా తడతాయి. అసలు సరుకంతా క్యూ పేజీలోనే ఉంటుంది.

ముసలాయన మంచినీళ్లకని లేచాడు.

మాస్టారు ఆ పేజీ చింపి జేబులో కుక్కుకున్నారు. చప్పుడు వినపడకుండా గట్టిగా దగ్గారు కూడా.

ముసలాయన తిరిగొచ్చి పేజీలు తిప్పాడు. చిరిగిన అంచుని వేలితో తడిమాడు.

'వెతుక్కో నాయనా!' అనుకున్నారు మాస్టారు.

పదో ఏడూ ఫస్టు ప్రైజు ఆయనకే వచ్చింది.

"ఆ పెద్దాయన అసలు పోటీకి పేరే ఇవ్వలేదు మాస్టారూ" అన్నాడు లైబ్రేరియన్ కప్పు చేతికిస్తూ.

"మరి ఆ రాతలేంటి?"

"అచ్చుతప్పులు చూసుకుంటున్నారట. నిన్ననే రైలెక్కారు. ఇది చూడండి."

డిక్షనరీ తెరిచాడు. చిరిగిన చోట కొత్త కాగితం అతికించి ఉంది. రెండు వైపులా ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క మాటా, ఒక్క అర్థమూ పోలేదు.

"దేంట్లో చూసి రాశారు?"

"మన దగ్గర ఇంకో కాపీ ఎక్కడిది? నేను కోప్పడుతుంటే, 'పాపం, ఎవరికి ఎంత అవసరమొచ్చిందో, ఏమీ అనకండి' అన్నారు."

మాస్టారు కప్పు బల్ల మీద పెట్టేశారు.

"ఆయన పేరు?"

లైబ్రేరియన్ రిజిస్టరు ముందుకు జరిపాడు. పేరు ఎక్కడో విన్నట్టే ఉంది.

ఇన్నేళ్లుగా తనకు అన్నం పెట్టిన ఆ డిక్షనరీ మొదటి పేజీ తిప్పి చూడటం మాస్టారికి అదే మొదటిసారి. 'కూర్చినవారు' అన్న మాట కింద అదే పేరు అచ్చయి ఉంది.